గుడ్లగూబ పేజీ

మా అమ్మాయి చనిపోయాక తను ఆడే వీడియో గేమ్ నేను ఆడుతున్నాను. అందులో అడవికి వెళ్లి పిట్టలను చూస్తే, పుస్తకంలో వాటి బొమ్మలు చేరతాయి. తన పుస్తకంలో ఇక గుడ్లగూబ పేజీ ఒక్కటే ఖాళీ.

"అర్ధరాత్రి దాటింది. బడిలో పిల్లలకి నిద్ర గురించి పాఠాలు చెప్పేది మీరేనా?" అంది మా ఆవిడ, పక్కన కూర్చుంటూ.

తెర మీద గుడ్లగూబ వచ్చి కొమ్మ మీద వాలింది. దగ్గరలో ఎవరు కదిలినా ఎగిరిపోతుంది. అందుకే ఆటలోని నా మనిషిని నిలబెట్టి, మీటల మీంచి వేళ్లు తీసేశాను. అయినా అది ఉలిక్కిపడి లేచిపోయింది. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది.

ఈ ఆటలో నేను తప్ప వేరే మనిషి లేడు.

ఆట ముగిసే ముందు రోజూ వచ్చే ప్రశ్న, ఒక్క మాట ఎక్కువగా, తెర మీదికి వచ్చింది. "ఇద్దరూ ఇంటికి వెళతారా?"

"అవును అనండి" అంది మా ఆవిడ మెల్లగా. "వీధి తలుపు గడియ తీసే ఉంచాను."