వెనక వచ్చే డేగ

ఆ మడుగు మీది గాలి డేగలదీ, గూడబాతులదీ కూడా. ఒడ్డున కాపలా ఉన్న తీతువు పిట్ట "రావచ్చు" అని కూసేదాకా ఎవరూ మడుగు మీదికి రాకూడదని కట్టుబాటు.

ఆ పొద్దున తీతువు డేగల కోసం కూయగానే ఆడ డేగ బాణంలా దూసుకుపోయింది. అది దాటీ దాటగానే ముసలి గూడబాతు రెక్కలు విప్పింది.

"ఆగు పెద్దమ్మా, నీకింకా చెప్పలేదు!" అని తీతువు అరిచింది.

"డేగ పోయిందిగా! పుట్టి పెరిగిన మడుగులో దిగడానికి నీ సెలవు కావాలటే?" అంటూ గూడబాతు అడ్డంగా వచ్చేసింది.

వెనకే వస్తున్న మగ డేగ దాన్ని తప్పించబోయి తుమ్మచెట్టుకు కొట్టుకుంది. రెక్క విరిగి నేల మీద పడింది.

చప్పుడు విని వెనక్కి వచ్చిన ఆడ డేగకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వొక్కదానివే అనుకున్నానమ్మా," అని గూడబాతు నసిగింది.

"ఏనాడైనా ఒక్కదాన్నే వచ్చానా? ఇన్నేళ్ళుగా నీ నెత్తి మీదే జంటగా ఎగురుతున్నాం. ఒక్కసారి తలెత్తి చూడలేదా?"

"తప్పయిపోయింది. క్షమించు తల్లీ."

"ఆయన మళ్ళీ ఎగిరిన రోజున వచ్చి అడుగు," అని ఆడ డేగ మొగుడి పక్కన నేల మీదే కూర్చుంది.