బుధవారం తరగతి

పది కావస్తుండగా అంథూలా నాలుగు టాబ్లెట్లూ తెరిచింది. ఒకటి తనది. మిగతా మూడూ పిల్లలవి. పిల్లలు లేరు.

జనవరిలోనే వెళ్ళిపోయారు. దీవిలో కరెంటు మిషను చూసే అతనికి జర్మనీలో పని దొరికింది. పెళ్ళాన్నీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని, వారానికొక్కసారి వచ్చే పడవెక్కేశాడు. స్త్రాతిస్, థెక్లా, చిన్నవాడు మిల్తోస్. బడి మొత్తం వాళ్ళే. టీచరు అంథూలా పైఆఫీసుకి రాసింది. "జూన్ దాకా అక్కడే ఉండండి. తర్వాత మూసేస్తాం" అని జవాబొచ్చింది.

ఈ సంగతి తెలియనిది ఒక్క లాత్వియా పిల్లలకే.

ఎక్కడో ఉత్తరాన, అడవి మధ్య చిన్న ఊరు వాళ్ళది. ఆ బడికీ ఈ బడికీ కలిపి ప్రతి బుధవారం ఆన్‌లైన్‌లో ఒకే తరగతి. అటు నలుగురు పిల్లలు, వాళ్ళ టీచరు వెల్తా. మొదట్లో మొహాలు చూసుకుంటూనే మాట్లాడుకునేవారు. నవంబరులో మంచు మొదలయ్యాక, తమ దగ్గర లైను నిలవడం లేదనీ, ఇకమీద రాసుకుందామనీ వెల్తా చెప్పింది. అప్పట్నుంచీ అరకొర ఇంగ్లీషులో రాతలే.

పడవ వెళ్ళిన మర్నాడు నిజం చెప్పేద్దామనే కూర్చుంది అంథూలా. ఈలోగా అట్నుంచి మాదారా అనే పిల్ల రాసింది.

"వారమంతా మంచే. బుధవారం ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాం. మీరు మాత్రం మానెయ్యకండి."

అంథూలా వేళ్ళు ఆగిపోయాయి. కాసేపటికి థెక్లా టాబ్లెట్‌ని దగ్గరికి జరుపుకుని, "మేమెక్కడికి పోతాం?" అని రాసింది.

అలా మొదలైంది. స్త్రాతిస్ రాస్తే స్పెల్లింగులు తప్పాలి. థెక్లా అయితే ప్రశ్న మీద ప్రశ్న. మిల్తోస్‌కి రాత రాదు, బొమ్మలే. వాడి బదులు అంథూలా ఎడంచేత్తో రంగు పెన్సిలు పట్టుకుని ఆక్టోపస్‌లు వేసేది. "మీ థెక్లా చురుకైన పిల్ల. పైచదువులు చదివించమని వాళ్ళ అమ్మకి చెప్పండి" అని ఒకసారి వెల్తా రాసింది. అంథూలాకి సిగ్గేసింది. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఈస్టరుకి మూడు గుడ్లకి ఎర్రరంగు వేసి ఫొటో పంపింది. అట్నుంచి ఉల్లిపొట్టుతో ఉడికించి రంగెక్కించిన గుడ్ల ఫొటో వచ్చింది. నాలుగు. ఒకటి పగిలింది. "అది నాది" అని కార్లిస్ రాశాడు. వాళ్ళలో వాడే చిన్నవాడు. ఆ ఎర్రగుడ్లు మూడూ అంథూలా రోజుకొకటి చొప్పున ఒక్కతే తింది.

రేవు దగ్గర కాఫీ కొట్టు పెట్టుకున్న ముసలి పాంతెలిస్‌కి అంతా తెలుసు.

"ఏం పంతులమ్మా, ఇవాళ ఎవడికి గోడకుర్చీ వేయించావ్?"

"నోర్మూసుకుని కాఫీ పట్రా."

"నవ్వులాటకి అనడంలేదమ్మా. నేను ముసలాణ్ణి, నాతో ఎన్ని అబద్ధాలైనా ఆడు. పసిపిల్లలతో ఏమిటీ నాటకం?"

"జూన్‌లో ఎలాగూ పోతుందిగా బడి. ఈ కాసిని వారాలకి వాళ్ళ సంతోషం నేనెందుకు పాడుచెయ్యాలి?"

"వాళ్ళ సంతోషమా? నీదా?"

అంథూలా కాఫీ సగంలో వదిలేసి లేచింది.

మే నెలలో ఒక బుధవారం, తరగతి అయిపోయాక, కార్లిస్ ఒక్క స్త్రాతిస్‌కే విడిగా రాశాడు.

"నిన్న బడిలో కూర్చుని ఏడ్చాను. ఇక్కణ్ణించి అందరూ వెళ్ళిపోతున్నారు. మా వీధిలో సాయంత్రం దీపం వెలిగే ఇల్లు ఒక్కటే. ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్తున్నా."

తొమ్మిదేళ్ళ పిల్లాడు, తన యీడువాడే కదా అని నమ్మి, గుండెలో మాట చెప్పుకున్నాడు. అది వచ్చి యాభై నాలుగేళ్ళ మనిషి చేతిలో పడింది. అంథూలా సిగ్గుతో చితికిపోయింది. స్త్రాతిస్ లాగా ఏదో ఒకటి రాయబోయింది. ఒక్క తప్పు స్పెల్లింగూ తోచలేదు. టాబ్లెట్ మూసేసింది.

ఆ వారమంతా సరిగా తిండి తినలేదు. పాంతెలిస్ కొట్టు వైపు వెళ్ళలేదు.

బుధవారం పదింటికి తన పేరుతోనే రాసింది. "వెల్తా, పిల్లల్ని కాసేపు బయటికి పంపండి. మీతో విడిగా మాట్లాడాలి."

చాలాసేపటికి జవాబొచ్చింది. "పంపాను."

అంథూలా కెమెరా పెట్టింది. టాబ్లెట్ ఎత్తి గది చుట్టూ తిప్పి చూపించింది. ఖాళీ బల్లలు. గోడకి కోట్లు లేని కొక్కేలు.

"జనవరి నుంచీ ఇంతే," అంది. "ముగ్గురి పేర్లతోనూ రాసింది నేనే. కార్లిస్ నన్ను స్నేహితుడనుకున్నాడు. ఏడ్చానని చెప్పుకున్నాడు. వాణ్ణేమీ అనకండి. మీరే ఎలాగో నచ్చజెప్పండి. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను."

ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. లైను తెగిందేమో అనుకుంది. తెగిపోతే బాగుండుననీ అనుకుంది.

అప్పుడు వెల్తా కెమెరా వెలిగింది. ఆర్నెల్ల తర్వాత కనిపించిన మొహం, బాగా చిక్కిపోయింది. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, ఎటో చూస్తూ కూర్చుంది.

"మా పిల్లలు నవంబరులోనే వెళ్ళిపోయారు అంథూలా," అంది చివరికి, "ఆ రోజు ఏడ్చింది కార్లిస్ కాదు, నేను."