మందులకు లొంగని మనిషి

"నాలుగు మందులు మార్చాం. ఒక్కటీ పట్టలేదు," అన్నాడు డాక్టరు, తప్పు తనదే అయినట్టు. "మందులకు లొంగని డిప్రెషన్ అంటాం దీన్ని."

టీచరమ్మ బుద్ధిగా తలూపింది. ఇస్త్రీ నలగని బట్టలు, చక్కగా దువ్విన తల. ఏడాదిగా వస్తోంది. ఇంత పద్ధతైన పేషెంటు ఆ డాక్టరుకి ఇంకొకరు లేరు.

"మందులు వేళకి పడుతున్నాయా?"

"ఒక్క పూట తప్పలేదండి. ఆ విషయంలో నేను రాక్షసిని."

"చూస్తే జబ్బున్నట్టే ఉండరమ్మా మీరు."

"పైకి తెలియదండి. పొద్దున మంచం దిగాలంటే యుద్ధమే. తిండి సయించదు. పలకరిస్తే విసుగు. పోయిన నెల డాబా మీద పిట్టగోడ ఎక్కడం కూడా అయింది."

ఆ చివరి మాటకి డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఇంకా నాన్చితే ప్రాణం మీదికొస్తుందని ఇద్దరికీ తెలుసు.

"సరే, కొత్తవాటిలో చూద్దాం. ముక్కులో కొట్టే స్ప్రే ఉంది. కొందరికి రోజుల్లోనే తేడా తెలుస్తుంది."

"ఇంటికి తీసుకెళ్ళొచ్చా?"

"కుదరదు. ఇక్కడే, మా కళ్ళముందే కొట్టుకోవాలి. తర్వాత రెండు గంటలు ఇక్కడే కూర్చోవాలి."

ఆమె మొహం వాడిపోయింది. "ఇంకోటి చెప్పండి."

"సెలైన్‌లా నరంలోకి ఎక్కించేది. అదీ ఇక్కడే."

"ఇంకోటి?"

బట్టల కొట్లో తానులన్నీ కిందికి దింపించినట్టుంది వ్యవహారం. అయినా డాక్టరు ఓపిక పట్టాడు.

"రెండు మందులు కలిపిన కొత్త మాత్ర ఒకటుంది."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "పొడి చెయ్యొచ్చా? మాత్రంటే గొంతు దిగదండి."

"అస్సలు చెయ్యకూడదు. రోజంతా కొంచెం కొంచెంగా వదిలే మాత్ర అది. నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ఫిట్స్ కూడా రావొచ్చు."

"బాగానే ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట."

డాక్టరుకి నవ్వొచ్చింది. ఈమెకి డిప్రెషనేమిటా అని మరోసారి అనుకున్నాడు. "పాత మాత్రకి తోడుగా ఇచ్చేది ఇంకోటుంది. నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోతుంది. కానీ..."

"అదివ్వండి."

"వినండమ్మా ముందు. దానికి వారాలు పట్టొచ్చు. పిట్టగోడ ఎక్కిన మనిషిని వారాలు ఆగమని ఎలా చెప్పను? నా మాట వింటే స్ప్రే."

రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అంటారు. ఇక్కడ ఒకరు పాలంటే ఇంకొకరు మజ్జిగంటున్నారు.

డాక్టరు విసిగిపోయి, బయట కూర్చున్న ఆమె భర్తని పిలిపించాడు. ఆయనకి టైర్ల షాపుంది. ఆస్పత్రికి రావడం ఇదే మొదటిసారి. అదీ ఆమె వారం రోజులు బతిమాలితే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని గోడ గడియారం వంక చూస్తున్నాడు.

"మీ ఆవిడ స్ప్రేకి ఒప్పుకోవట్లేదు. మీరైనా చెప్పండి."

"మనసుకి మందేంటండీ," అన్నాడాయన. "ఇవన్నీ పనీపాటా లేని రోగాలు. గట్టిగా అనుకుంటే అవే పోతాయి. నన్ను చూడండి. ఒక్క మాత్ర మింగకుండా బతకట్లేదూ?"

డాక్టరుకి ఒళ్ళు మండింది. ఇలాంటి మొగుడు ఇంట్లో ఉంటే ఏ మందు మాత్రం పనిచేస్తుంది?

"కనీసం ఆవిడ మందులు వేసుకుంటున్నారో లేదో చూస్తున్నారా?"

"తన మందుల సంగతి తనే చూసుకుంటుంది. స్ప్రేనో గీప్రేనో, కొట్టేదేదో కొట్టి పంపించండి. నన్ను ఇందులోకి లాగకండి."

ఆమె డాక్టరు వంక చూసి ఏదో చెప్పబోయింది. భర్త పక్కనే ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కరిగేదే ఇవ్వండి డాక్టర్‌గారూ. మీకు పుణ్యముంటుంది."

ఇంత మొండిఘటాన్ని తన సర్వీసులో చూడలేదనుకుంటూ డాక్టరు అదే రాసిచ్చాడు. భర్తని గుమ్మం దాకా సాగనంపి, గట్టిగా చెప్పాడు. "ఇవాళే మొదలుపెట్టించండి. మీరే దగ్గరుండాలి. ఆవిణ్ణి ఒంటరిగా వదలొద్దు."

ఇంటికి రాగానే ఆయన చెప్పులైనా విప్పకుండా సోఫాలో వాలిపోయాడు. ఎంత కాదన్నా డాక్టరు చెప్పాడు కదా, వంటింటి వైపు చూసి ఒక మాట అడిగాడు.

"మందు సంగతేం చేశావ్?"

"ఆ పనిలోనే ఉన్నా."

ఆమె రెండు కప్పుల కాఫీ కలిపి, మాత్ర పూర్తిగా కరిగేదాకా ఒకదాంట్లో చెంచా తిప్పి, ఆ కప్పు తెచ్చి భర్త చేతికిస్తూ, "ఇదైనా సగంలో వదిలెయ్యకుండా తాగండి," అంది.