చెల్లని చెయ్యి

"ఏనుగు" అని పిల్లలంతా ఒక్కసారి పలికారు.

వాళ్ల తరవాత, కాస్త ఆలస్యంగా, వెనకనుంచి ఓ ముసలి గొంతు కూడా పలికింది.

శాంతాదేవి బోర్డు దగ్గరనుంచి తిరిగి చూసింది. చివరి వరసలో, పిల్లల చిన్న కుర్చీలో, డెబ్బై దాటిన మనిషి ఒదిగి కూర్చుని ఉంది.

"ఎవరవ్వా మీరు?"

"దేవుడమ్మనమ్మా. దారిన పోతా ఉంటే తెలుగు ఇనపడినాది. లోపలికొచ్చేసినాను."

"చదువుకుంటారా?"

"ఈ వయసులో నాకు సదువేటి? మన మాట ఇని శానా రోజులైనాది. ఇంటానంతే."

ఆ రోజునుంచి ప్రతి ఆదివారం వచ్చేది. మాట్లాడేది కాదు. వినేది, వెళ్లిపోయేది.

కువాలా సెలంగోర్‌లో సముద్రం ఒడ్డునున్న ఆ తెలుగువాళ్ల కాలనీకి ఓ సంఘం ఉంది, సంఘానికి ఓ హాలు ఉంది. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక శాంతాదేవి ఆ హాల్లోనే పిల్లలకు తెలుగు చెబుతోంది. సంఘం ఛైర్మన్ యోగేశ్వరన్‌కి అది దండగగా కనిపించింది. హాలును ఎండుచేపల గోడౌనుకి అద్దెకిచ్చేస్తామన్నాడు.

"అక్కా, ఈసారి ఛైర్మన్ ఎన్నికకి నువ్వు నిలబడు. మేమందరం లేమా?" అంది కోగిల.

కోగిల పక్కింటి మనిషి. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. ఆ ధైర్యంతోనే శాంతాదేవి నిలబడింది.

రోజూ ఆమె ఇంటి వాకిట్లో జనం. దోసెలు తిన్నారు, టీ తాగారు. "మా ఓటు నీకే టీచర్" అని మాటిచ్చారు. పెద్దాయన సుప్పయ్య అయితే ఆమె తలమీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు.

కానీ ఒకటే అంతుపట్టలేదు. ఓట్లు అడగడానికి రేపు ఏ ఇంటికి వెళ్దామని శాంతాదేవీ కోగిలా అనుకుంటే, ఆ ఇంటికి యోగేశ్వరన్ ఇవాళే వెళ్లి వచ్చేస్తున్నాడు.

ఓ పొద్దున చేపల మార్కెట్ దగ్గర యోగేశ్వరన్ కారు ఆగింది. అందులోంచి సంచులు పట్టుకుని దేవుడమ్మ దిగింది.

"సూసినావా అక్కా?" కోగిల ఆమె మోచెయ్యి గిల్లింది. "వాళ్లింట్లో పనిమనిషి. ఎక్కడో సుంగై పెటాని ఊరి కాడనుంచి తెచ్చుకున్నారంట. మన మాటలు ఎవులు మోస్తన్నారో ఇప్పుడు తెలిసినాదా?"

శాంతాదేవికి ఒళ్లు మండింది.

ఆదివారం దేవుడమ్మను గుమ్మంలోనే ఆపింది.

"అవ్వా, మీరుండీది యోగేశ్వరన్ ఇంట్లోనా?"

"అవునమ్మా."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వడగలేదు కదమ్మా. అడిగితే సెప్పీదాన్నే."

"ఇంక ఇక్కడికి రాకండి."

పిల్లలంతా చూస్తున్నారు. దేవుడమ్మ గోడ పట్టుకుని, ఒక్కో కాలూ వెతుక్కుంటూ చెప్పుల్లో పెట్టుకుంది.

"పిల్లలు బాగా పలుకుతన్నారు. ఇడిసిపెట్టకమ్మా" అని వెళ్లిపోయింది.

ఎన్నిక రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది.

"చీటీలూ పెట్టెలూ ఎందుకు, అందరం మనోళ్లమే కదా. సేతులెత్తితే సాలు" అన్నాడు యోగేశ్వరన్. ఎవరూ కాదనలేదు.

ముందు శాంతాదేవి పేరు పిలిచారు.

ఆమె లేచి నిలబడి కోగిల వైపు చూసింది. కోగిల చేతిలో ఫోను చూసుకుంటోంది.

సుప్పయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఆమె ఇంట్లో తిన్నవాళ్లు, తాగినవాళ్లు, మాటిచ్చినవాళ్లు అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

హాలంతా వెతికితే లేచిన చెయ్యి ఒక్కటే. గుమ్మం దగ్గర.

దేవుడమ్మది.

యోగేశ్వరన్ మొహం నల్లబడింది.

"నువ్వు మెంబరు కాదు. నీ సెయ్యి సెల్లదు. దించు."

"సెల్లకపోతే పోనీ. ఎత్తే ఉంచుతాను" అంది దేవుడమ్మ.

కొందరు నవ్వారు. ఆమె మాత్రం దించలేదు.

తరవాత యోగేశ్వరన్ పేరు పిలిచారు. ఒళ్లోని చేతులన్నీ లేచాయి. చప్పట్ల మధ్య కొత్త సెక్రటరీ పేరు కూడా చదివారు. కోగిల.

శాంతాదేవికి అప్పుడు తెలిసింది, మాటలు మోసింది ఎవరో.

"అక్కా, నా కొడుక్కి ఆ గోడౌనులో సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారు. నన్నేటి సెయ్యమంటావు?" కోగిల నేలచూపులు చూస్తూ అంది.

శాంతాదేవి జనాన్ని తోసుకుంటూ గుమ్మం దగ్గరికి నడిచింది. అక్కడ ఎవరూ లేరు. బయట యోగేశ్వరన్ కారూ లేదు.

మర్నాడు హాలు తాళంచెవి ఇచ్చే వంకతో ఆమె యోగేశ్వరన్ ఇంటికి వెళ్లింది. ఆ ముసలామె రెండు చేతులూ పట్టుకుని క్షమించమని అడగాలని దారంతా అనుకుంది.

యోగేశ్వరన్ భార్య మోగన గేటు తీసింది. లోపల ఆమె పిల్లలిద్దరూ ఇంగ్లీషులో ఏదో పోట్లాడుకుంటున్నారు.

"దేవుడమ్మగార్ని ఒక్కసారి పిలుస్తావా?"

"లేదు టీచర్. పొద్దున్నే సుంగై పెటాని బస్సెక్కించేసినారు. అందరి ముందూ అలాగ సేసినాది కదా, ఆయనకి శానా కోపమొచ్చినాది."

శాంతాదేవి గేటు ఊచ పట్టుకుంది.

"నా మూలంగానే కదమ్మా. పెద్దావిడ, మళ్లీ ఎక్కడ పని దొరుకుతాది? ఆయనకి నేను సెప్తాను, పనిలోంచి తీసీవొద్దని."

మోగన ఆమె మొహంలోకి చూడలేకపోయింది. తాళంచెవి అందుకుని, గేటు సగం మూసి, లోపలున్న పిల్లలకు వినపడకుండా అంది:

"పనిమనిషి కాదు టీచర్, ఆయన్ని కన్నతల్లి."