మొలతాడు ముడి

సేలంలో కడుపు ఆపరేషన్ అయినప్పటి నుంచి నా ఒళ్ళు కొంచెం కొంచెంగా తగ్గుతోంది. లుంగీ ఎంత కావాలంటే అంత బిగించుకోవచ్చు. మొలతాడు మాత్రం నిజం చెప్పేస్తుంది.

ప్రతి శనివారం తలంటి పోసేటప్పుడు నా భార్య పంచవర్ణం మొలతాడు కింద వేలు దూర్చి చూస్తుంది. పోయిన వారం రెండు వేళ్ళు సులువుగా దూరాయి. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ఇంకా తగ్గితే మళ్ళీ కోసి చూడాలని డాక్టరు చెప్పాడు. మళ్ళీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కడం నా వల్ల కాదు.

అందుకే ఈ శనివారం ఆమె నీళ్ళు కాస్తుండగా నేనే మొలతాడు విప్పి, బిగించి కట్టుకున్నాను.

సీకాయ మంటకు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆమె చెయ్యి నడుము దగ్గరికి వచ్చింది.

"వేలు దూరలేదే మామా! ఒళ్ళు చేసినట్టుందే!"

"అంతా నీ రాగిసంగటి మహిమ" అన్నాను.

ఆమె నవ్వింది. నీళ్ళు పోయబోయి ఆగింది. ఆమె వేలు మళ్ళీ వచ్చి ముడి మీద నిలిచింది.

"పెండ్లయినప్పటి నుంచి నీకు మొలతాడు కట్టేది నేనే కదా మామా. ఇది నా ముడి కాదు."

నేను కళ్ళు తెరవలేదు.

"సోమవారం ధర్మపురి పొయ్యి సేలం బస్సెక్కుదాము. నాకూ భయమే."

ఆమె ముడి విప్పింది. తాడు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా తల మీద నీళ్ళు పోసింది.