పక్కింటి ప్లగ్గు

"ఇంకా చూస్తారేంటండీ! వెళ్లి ముందు ఆ ప్లగ్గు పీకండి!"

భార్య కేకకు మాస్టారి చేతిలో టీ ఒలికింది. కిటికీ అవతల ఆకాశం కాటుకలా నల్లబడింది. మధ్యాహ్నం దాకా మాడ్చిన ఎండ ఎటు పోయిందో తెలియదు. ఎక్కడో ఫెళ్లున ఉరిమింది. లైట్లు ఒక్కసారి భగ్గుమని, మళ్లీ తగ్గాయి.

మాస్టారు కప్పు పక్కన పెట్టి గబుక్కున లేచారు. పోయిన ఏడాది ఇలాంటి వానకే కింది వాటా డాక్టరుగారి ఏసీ కాలిపోయింది. రిమోట్‌తో ఆపేశాను కదా అని ఆయన ధీమాగా కూర్చున్నారు. రిమోట్ నొక్కితే ఏసీ నిద్రపోతుందంతే, వైరు మాత్రం కరెంటుకి అంటుకునే ఉంటుంది. పిడుగు దెబ్బకు లైన్లోకి తన్నుకొచ్చిన కరెంటు ఆ వైరు పట్టుకునే లోపలికి దూరి, బోర్డును బొగ్గు చేసింది.

పక్క వాటా వాళ్లు వారం కిందట ఊరెళ్తూ తాళంచెవి మాస్టారికే ఇచ్చారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే మనిషి. ఒకరి జోలికి పోరు. ఆయనకు కాక ఇంకెవరికి ఇస్తారు?

ఇప్పుడు ఆ తాళంచెవే కనపడటం లేదు.

"ఎక్కడ పెట్టావే?"

"మీ చొక్కా జేబులోనే కదా ఉండేది!"

జేబులోనే ఉంది. తీసేలోగా ఫోన్ మోగింది. పక్కింటావిడ.

"అన్నయ్యా, అక్కడ పిడుగులు పడుతున్నాయని వార్తల్లో చెప్తున్నారు. ఫ్రిజ్ కోసం మెయిన్ ఆపకుండా వచ్చేశాం. ఆ హడావుడిలో ఏసీ ప్లగ్గు తీశామో లేదో గుర్తే లేదు. కాస్త..."

"నేను చూసుకుంటానమ్మా! ప్లగ్గు పీకడానికే వెళ్తున్నా!"

వరండాలో పై వాటా పెద్దాయన టార్చితో ఎదురొచ్చారు.

"పదవయ్యా మాస్టారూ, నేనూ వస్తా. స్టూలు పట్టుకుంటా."

"వద్దు బాబాయిగారూ! లోపల అంతా తడిగా ఉంటుంది. మీరు జారిపడితే పిన్నిగారికి నేనేం చెప్పుకోను? ఆ టార్చి ఇలా ఇచ్చి ఇక్కడే ఉండండి."

మాస్టారు లోపలికి దూరి తలుపు మూసేశారు.

పడగ్గదిలో కిటికీ రెక్క సందులోంచి జల్లు కొట్టి నేలంతా చిత్తడిగా ఉంది. సాకెట్ చూస్తే నిలువెత్తుకు పైన. స్టూలు లాక్కుని ఎక్కారు. దాని కాలొకటి టకటకమంటోంది. తడి చెయ్యి చొక్కాకు గట్టిగా తుడుచుకుని స్విచ్ ఆపారు. ప్లగ్గు పట్టుకుని లాగారు.

రాలేదు. బిగుసుకుపోయింది.

కిటికీ నిండా మెరుపు. కళ్లు బైర్లు కమ్మాయి. దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు తండ్రీ అనుకుని, టార్చి పళ్లతో కరిచిపట్టి, రెండు చేతులతో గుంజారు.

ప్లగ్గు ఊడింది. స్టూలు మీంచి దూకినంత పని చేశారు. అదే క్షణాన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. బిల్డింగంతా చీకటి.

వాన వెలిసి కరెంటు వచ్చాక ఎవరి నష్టాలు వాళ్లకు తెలిశాయి. పెద్దాయన టీవీ పోయింది. డాక్టరుగారికి ఈసారి ఫ్రిజ్ పోయింది.

"మాది పోతే పోయిందిలే," అన్నారు పెద్దాయన మాస్టారి భుజం తట్టి. "పరాయివాళ్ల ఏసీ కోసం ప్రాణాలకు తెగించావు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారయ్యా?"

మాస్టారు సిగ్గుపడిపోయారు. ఇంతలో మళ్లీ ఫోన్.

"ఏసీకి ఏం కాలేదు కదా అన్నయ్యా?"

"భద్రంగా ఉందమ్మా. నిశ్చింతగా ఉండు."

"తోడబుట్టినవాడు కూడా ఇంత చెయ్యడు," అందావిడ.

మాస్టారు కళ్లొత్తుకుంటూ ఇంట్లోకొచ్చి, తలుపు గడియ పెట్టి, వారం రోజులుగా పక్కింటి కరెంటు తాగుతున్న ఆ ప్లగ్గును బాల్కనీ మీదుగా పొడవాటి వైరుతో సహా ఇవతలికి లాక్కుని, దాని రెండో కొసన తన పడగ్గది గోడకున్న తన సొంత ఏసీని ఆప్యాయంగా తడిమి చూసుకున్నారు.