గుమాస్తా కావలెను

“ఏమీ అనుకోకపోతే చిన్న సాయం చేసి పెట్టాలండి,” అంటూ మిల్లు యజమాని పెదబాబు గారు తెల్ల అట్టముక్క, కుంచె, నల్లరంగు సీసా గణేష్‌బాబు ముందు పెట్టారు. “మీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కదా. ‘గుమాస్తా కావలెను’ అని రాసిస్తే గేటుకి కట్టిద్దాం. మా పాత గుమాస్తా వీరాస్వామికి చూపు ఆనడం లేదు. పాపం, ఒక్కడూ ఎన్నాళ్లని లాక్కొస్తాడు?”

గణేష్‌బాబు సీసా మూత తీశాడు. మండపేటలోని ఆ రైసుమిల్లుకి అతను వచ్చింది సరిగ్గా ఆ ఉద్యోగం కోసమే. వచ్చి ఎనిమిది రోజులైంది. ఆ ముక్క ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

అనలేకపోయాడు. డిగ్రీ అయిన ఈ ఆరేళ్లలో ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లాడో అన్నిసార్లూ నాలుక పిడచకట్టుకుపోయింది. రాజమండ్రి కంప్యూటర్ సెంటరులో పేరడిగితే కంగారులో వాళ్ల నాన్న పేరు చెప్పి వచ్చాడు. ఇక్కడికి బాబాయి రాసిచ్చిన సిఫార్సు ఉత్తరం జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. అది చెమటకి తడిసి, ఆరి, అప్పడంలా తయారైంది గానీ బయటికి రాలేదు.

మొదటిరోజు అతను గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడితే పెదబాబు గారే ఎదురొచ్చారు. “రండి రండి, దయచేయండి” అని కుర్చీ వేయించారు. కాఫీ వచ్చింది. కాజాలు వచ్చాయి. మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారేజీలో గుత్తివంకాయ కూర, గిన్నెడు నెయ్యి వచ్చాయి. ఏం పని మీద వచ్చారని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని సాయంత్రం దాకా చూసి, బస్సెక్కి ఆలమూరు వెళ్లిపోయాడు. ఇంటి దగ్గర అమ్మ “కుదిరిందా నాన్నా?” అంటే తల ఊపాడు. ఊపాడు కనక మర్నాడూ రాక తప్పలేదు.

రెండోరోజు ఊరికే కూర్చుని తినడం సిగ్గనిపించింది. బయట లారీలు హారన్లు మోగించేస్తున్నాయి. వీరాస్వామి కళ్లజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ లోడు చీటీలు రాస్తున్నాడు. గణేష్‌బాబు మెల్లగా చీటీల పుస్తకం తనవైపు లాక్కున్నాడు. “అయ్యో, మీకెందుకండీ శ్రమ!” అంటూనే వదిలేశాడు వీరాస్వామి. డ్రైవరు లారీ నంబరు చెబుతాడు, అతను రాసిస్తాడు. ఎవరైనా పలకరిస్తే తల ఊపితే సరిపోతుంది. ఈ ఆరేళ్లలో అంత హాయి అతను ఎరగడు.

ఇప్పుడీ అట్ట గేటుకెక్కితే రేపటికల్లా పదిమంది వచ్చి వాలతారు. అందరూ గడగడా మాట్లాడేవాళ్లే అయుంటారు. వాళ్లలో ఒకరొచ్చి ఈ కుర్చీలో కూర్చుంటారు.

కుంచె ముంచి ‘గుమాస్తా కావలెను’ అని రాశాడు. పెదబాబు గారి వైపు తిరిగి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

“దాహంగా ఉందాండీ? మజ్జిగ తెప్పించనా?” అన్నారాయన.

తల అడ్డంగా ఊపి, మళ్లీ కుంచె ముంచాడు. కింద చిన్న అక్షరాలతో ఇంకో ముక్క రాశాడు. అట్ట ఆయన చేతిలో పెట్టి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

పెదబాబు గారు పైకే చదివారు. “గుమాస్తా కావలెను... వచ్చి ఎనిమిది రోజులైందండి. ఇట్లు, గణేష్‌బాబు.”

ఆయన అట్టనీ, అతన్నీ మార్చి మార్చి చూశారు.

“అంటే, మీరు మా అల్లుడుగారి తాలూకు కాదా?”

“కాదండి.” అంతవరకూ వచ్చాక గొంతు దానంతటదే పెగిలింది. “ఆలమూరండి. ఉద్యోగం కోసం వచ్చానండి.”

“మరి చెప్పరేంటండీ బాబూ!”

“మొహమాటమండి. మీరూ అడగలేదు కదండీ.”

“ఎలా అడుగుతానండీ! అమ్మాయి పెళ్లై నెల కాలేదు. అల్లుడుగారి వైపు నుంచి ఒకాయన మిల్లు చూడ్డానికి వస్తారని కబురొచ్చింది. ఆవేళే మీరు దిగారు, ఆ తరవాత ఇంకెవరూ రాలేదు. వియ్యాలవారి మనిషిని పట్టుకుని ‘ఎందుకొచ్చారు’ అంటే ఇంకేమన్నా ఉందా? ‘ఆయన ఇంకా ఎన్నాళ్లొస్తారో కనుక్కోండి’ అని మా ఆవిడ రోజూ ప్రాణం తీస్తోంది. నాకు నోరొస్తేనా!”

ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. మిల్లులో బస్తాలు కుడుతున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. “ఈ అట్ట గేటుకెందుకోయ్, ఇక్కడే గోడకి కొట్టిస్తాను. వచ్చిన రోజు నుంచే ఉద్యోగంలో ఉన్నట్టు లెక్క, ఆ కుర్చీ నీదే. ఇక మీదట ‘మీరు’ అనను. నెయ్యి కూడా తగ్గుతుంది, చెప్పలేదనేవు!”

గణేష్‌బాబుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ ముందు ఊపిన అబద్ధపు తల నిజమైపోయింది.

“మనిషిని చూసి పోల్చుకోవడం నాకు చేతకాలేదు గానీ, మా నాన్నగారైతేనా!” అన్నారు పెదబాబు గారు కళ్లు తుడుచుకుంటూ. “ఇరవై రెండేళ్ల కిందట వీరాస్వామి ఇలా గుమ్మంలో నిలబడగానే, ‘నాకు కావలసిన గుమాస్తా వీడేరా’ అని కూర్చోబెట్టేశారు. ఏం వీరాస్వామీ, అంతేనా?”

వీరాస్వామి కళ్లజోడు తీసి, కండువాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. గణేష్‌బాబు వంక ఓసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

“కుర్రాడు చెప్పేశాడు కాబట్టి నేనూ చెప్పేస్తానండి. పెద్దాయన చీటీల పుస్తకం చేతిలో పెట్టేసరికి కాదనలేకపోయాను గానీ, ఆవేళ నేను మా గేదెకి తవుడు కొనుక్కుందామని వచ్చానండి.”